మా ఇంటి పాముకాట్లు

పోయిన శుక్రవారం పొద్దున పామిడి నుంచి ఫోన్ వచ్చింది, మా మేనత్త గుండె ఆగి చనిపోయిందని. నిజంగా గుండె ఆగే పోయింది. ఇలా నొక్కి చెప్పడానికి కారణం ఉంది. మా ఇంట్లో చావులకు అసలు కారణం ఎవరూ చెప్పరు.

మా తాతను పాము కరిచిందన్నారు. ఆయన తమ్ముడినీ పామే కరిచిందన్నారు. చిన్నప్పుడు శెనక్కాయ చేలో అడుగు పెట్టాలంటే ఏడ్చేదాన్ని. పాపం, మా వంశం పరువును చాలాకాలం పాములే మోశాయి.

అత్త మాత్రం పాముల మాట ఎత్తేది కాదు. మా వైపు మనుషులు ఎదురుపడితే వాన గురించి అడుగుతారు. ఆమె నిద్ర గురించి అడిగేది. "నిద్ర బాగ పడతాండాదా?" అంటూ గడ్డం పట్టుకుని కళ్ళలోకి చూసేది. ఆమె చాదస్తానికి నవ్వుకునేవాళ్ళం.

వరసగా పంటలు పోయిన ఏళ్ళలో మా అన్న మాట్లాడటం మానేశాడు. తరవాత తిండి మానేశాడు. నాయన, అత్త కలిసి అనంతపురం తీసుకుపోయారు. మీ ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా ఇలా ఉండేదా అని డాక్టరు అడిగితే, మాది మంచి వంశం అన్నాడు నాయన. అప్పుడే అత్త కూతురికి ఒక సంబంధం కుదిరేలా ఉంది. అత్త నోరు మెదపలేదు. పంట పోయిన దిగులే అనుకుని డాక్టరు నిద్రమాత్రలు రాసి పంపించాడు. రెండు నెలలకు అన్న తన ప్రాణం తానే తీసుకున్నాడు. నాయన ఊరికి మళ్ళీ పాము కథే చెప్పాడు. ఎవరూ నమ్మలేదు, ఎవరూ కాదనలేదు. నాయన మీద ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

అత్త మీదా ఉండేది. ఆమె దాన్నుంచి తప్పించుకోవాలని చూడలేదు. "ఆ పొద్దు నేను నోరు తెరిచింటే వాడు బతికేవాడేమో. ఏమో గానీ, తెరవనిది నేనే," అని నాతో అంది.

నాలుగేళ్ళకు నా వంతు వచ్చింది. రెండో కాన్పయ్యాక నిద్ర పట్టేది కాదు. ఒళ్ళోని బిడ్డ నాది కాదనిపించేది. చచ్చిపోతే బాగుండుననిపించేది. గాలి సోకిందని మా ఆయన వాళ్ళమ్మ తాయెత్తు కట్టించింది. సంగతి తెలిసి అత్త మొదటి బస్సుకే వచ్చింది. నలుగురికీ తెలిస్తే ఎట్లా అని మావాళ్ళు అడ్డం పడితే, "పరువు పోతే పోనీ, పిల్ల ఉండాల," అంది. నాయనను వెంటబెట్టుకుని నన్ను ఆసుపత్రికి తీసుకుపోయింది. అక్కడి డాక్టరమ్మ మందులే నన్ను నిలబెట్టాయి. ఈ రోజు కూర్చుని ఇది రాస్తున్నానంటే అత్త వల్లే.

ఆ డాక్టరమ్మ కూడా అదే ప్రశ్న అడిగింది. నాయన గొంతు సవరించుకున్నాడు.

"నువ్వు ఉండప్పా, నేను చెప్తా," అని అత్త చేయి చాపి చిటికెన వేలు మడిచింది. "మా నాయన. పాము కరిచిందని అందరికీ చెప్పినాం. కరవలేదు."

రెండో వేలు మా చిన్నతాత. మూడోది మా అన్న. నాయన తల వంచుకున్నాడు. నాలుగో వేలు ఎవరిదో నాకు తెలియలేదు. అత్త దాన్నీ మడిచింది.

"ఇది నేనమ్మా. ఏటా మోకాళ్ళ నొప్పులని నెల దినాలు పండుకునేది దీనికే. ఇంట్లో ఎవురికీ తెలీదు."

డాక్టరమ్మ రాసుకుంటూ పోయింది. అత్త మడిచిన వేళ్ళు విప్పకుండా, ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.