పిల్లల జవాబుల గడి

2022లో నేను తిరుపతిలో ఒక విశ్వవిద్యాలయంలో బి.ఇడి. విద్యార్థులకు లెక్కలు ఎలా బోధించాలో నేర్పుతున్నాను. అప్పటికి ఇరవై రెండేళ్ల సర్వీసు. రెండు మూడు భాషలు వచ్చిన పట్టభద్రులను ఏరి, తమిళనాడు సరిహద్దు బడులకు టీచర్లుగా తయారు చేసే శిక్షణ ఆ ఏడే మొదలైంది. ఇంట్లో తమిళం, బడిలో తెలుగు అయిన పిల్లలు అక్కడ ఎక్కువ. ఆ బాధ్యత నా నెత్తిన పెట్టారు. నా అంత అనుభవం ఇంకెవరికుందిలే అనుకుంటూ నేనూ సంతోషంగా ఒప్పుకున్నాను.

ఆ బ్యాచ్‌లో సెల్వి ఉండేది. తడ దగ్గర చేపలు పట్టే కుటుంబం. ఇంట్లో తమిళం, బడి తెలుగులో, డిగ్రీ ఇంగ్లీషులో. సెల్‌ఫోన్లు బిగించే ఫ్యాక్టరీలో రెండేళ్లు పని చేసి, మానేసి మా దగ్గర చేరింది. “ఒక్కసారే సదివిస్తా. తప్పినావంటే మళ్లా ఫ్యాక్టరీ బస్సెక్కాల్సిందే” అన్నాడట వాళ్ల నాయన. ఆ మాట నాతో చెప్పేటప్పుడు ఆ పిల్ల నవ్వలేదు.

బి.ఇడి.లో టీచింగ్ ప్రాక్టీస్ అంటే నిజమైన బడికి వెళ్లి నిజమైన పిల్లలకు పాఠం చెప్పడం. ప్రతి పాఠానికీ ముందుగా లెసన్ ప్లాన్ రాసుకోవాలి. ఎడమ గడిలో టీచర్ అడిగే ప్రశ్న, కుడి గడిలో పిల్లలు చెప్పే జవాబు. మేము వెనక బెంచీలో కూర్చుని, తప్పొప్పులు అబ్జర్వేషన్ బుక్‌లో రాస్తాం.

సెల్వికి తడ దగ్గరే ఒక హైస్కూల్లో ఏడో తరగతి ఇచ్చాం. నేను మొదటిసారి వెళ్లిన రోజు, భిన్నాలు అర్థం కాక బిక్కమొహం వేసిన కావేరి అనే పిల్లకు సెల్వి రెండు ముక్కలు తమిళంలో చెప్పింది. అంతే, నాకు ముక్కు మీదికొచ్చింది కోపం. తెలుగు బడిలో ఇదేం పద్ధతి? ఎర్ర సిరాతో రాశాను: “తరగతిలో తమిళం వినపడకూడదు.” పదికి మూడు మార్కులు వేసి బస్సెక్కాను.

మూడు వారాల తర్వాత మళ్లీ వెళ్లాను. సెల్వి తుచ తప్పకుండా తెలుగులోనే చెబుతోంది. తరగతిలో మాత్రం చడీచప్పుడు లేదు. ప్రశ్న వేయడం, పిల్లలు తల వంచుకోవడం, జవాబు తనే చెప్పుకోవడం. నలభై నిమిషాలూ అదే తంతు.

బయటికి రాగానే విరుచుకుపడ్డాను. “ఏం మే సెల్వీ, పిల్లోళ్ల నోరు తెరిపించలేవా? ఇట్లయితే ఫైనల్‌లో గట్టెక్కుతావా?”

ఆమె అబ్జర్వేషన్ బుక్ తెరిచి నా ఎర్ర అక్షరాల మీద వేలు పెట్టింది. “మీరు రాసిందే చేసినాను మేడమ్.”

ఏదో ఒకటి చూడాలని లెసన్ ప్లాన్ తిరగేశాను. కుడి గడి నిండా పిల్లల జవాబులు, ఒక్కొక్కటీ అచ్చు పుస్తకంలోని వాక్యం.

“ఈ పిల్లోళ్లు ఎప్పుడైనా ఇట్ల మాట్లాడినారా?”

“యాడ మేడమ్! నింపాల గదా అని ఇంట్లో కూర్చుని నింపినాను.”

తల కొట్టేసినట్లయింది. ఆ గడి అలా నింపమని ఇరవై రెండేళ్లుగా నేర్పింది నేనే. తమిళం వచ్చని ఆ అమ్మాయిని ఏరి తెచ్చుకున్నదీ మేమే, తమిళం మాట్లాడిందని మార్కులు కోసిందీ నేనే. సిగ్గేసింది. దాచుకోకుండా ఆమెతోనే అన్నాను. “తప్పు నాది. ఇకమీద ఆ గడి ఖాళీగా పెట్టు. పాఠం అయినాక, పిల్లోళ్లు ఏ భాషలో ఏం చెప్తే అదే రాయి.”

ఫైనల్ పాఠానికి ఎక్స్‌టర్నల్‌గా, అంటే మార్కులు వేయడానికి బయటి నుంచి, చిత్తూరు వైపు కాలేజీ ప్రిన్సిపాల్ ఒకాయన వచ్చారు. ప్లాన్ చూడగానే కళ్లద్దాలు పైకి తోశారు. “ఇదేందమ్మా, సగం ఖాళీగా ఉండాది?”

“పిల్లోళ్లు ఇంకా మాట్లాడలేదు గద సార్” అంది సెల్వి.

“రికార్డు పూర్తిగాకుండా మార్కులెట్ల వేసేది?” ఆయన నా వైపు తిరిగారు.

“ఖాళీగా పెట్టమన్నది నేనే సార్. పాఠం చూసి మీ ఇష్టం. తగ్గించేదుంటే నా పేరు రాసి తగ్గించండి” అన్నాను.

పాఠం నిష్పత్తి. సెల్వి పుస్తకం మూసి అడిగింది. “ముగ్గురు పడవలో పోయినారు. పది గంపల రొయ్యలు పడినాయి. మీ ఇండ్లల్లో ఎట్ల పంచుకుంటారు?”

ఈసారి జవాబు తను చెప్పకుండా ఆగింది. తర్వాత కావేరి లేచింది. “పడగుక్కు రెండు పంగు టీచర్, ఆళుక్కు ఒరు పంగు.” పడవకు రెండు వాటాలు, మనిషికి ఒక వాటా. సెల్వి ఆ మాటలను ఉన్నదున్నట్టు బోర్డు మీద రాసింది. ఇక తరగతి ఆగలేదు. పడవకు రెండు, మనుషులకు మూడు, మొత్తం అయిదు పంగులని ఒకడు, పంగుకు రెండు గంపలని ఇంకొకడు. “పడవకు నాలుగు, మనుషులకు ఆరు!” అని కావేరి ఈసారి తెలుగులో అరిచింది. అప్పుడు సెల్వి ఆ మాటల కింద 2:3 అని రాసి, “దీన్నే మన పుస్తకంలో నిష్పత్తి అంటారు” అంది.

ప్రిన్సిపాల్ గారు ఉండబట్టలేక వెనక నుంచి అడిగారు. “పదిహేను గంపలు పడితే?”

“ఆరు, తొమ్మిది!” తరగతి మొత్తం.

గంట కొట్టాక సెల్వి పెన్సిల్‌తో కుడి గడి నింపుతుంటే ఆయన పక్కనే నిలబడి, చివరి గడి దాకా చూసి సంతకం పెట్టారు. మా బ్యాచ్‌లో ఆయన సెల్వికి వేసినవే అందరికన్నా పెద్ద మార్కులు.

టీచర్‌కు ఎన్ని భాషలు వస్తాయన్నది కాదు, పిల్లల మాట వచ్చేదాకా ఆగడం వస్తుందా అన్నది చూడాలని నాకు తెలిసింది ఆరోజే. సెల్వి ఇప్పుడు అదే మండలంలో టీచర్. ఈ ఏడు కొత్త బ్యాచ్‌ను ప్రాక్టీస్‌కు ఆమె బడికే తీసుకెళ్లాను. ఒక అమ్మాయి, పాత రికార్డు ఎక్కడో చూసి రాసుకొచ్చినట్టుంది, రెండు గడులూ ముచ్చటగా నింపి సెల్వి చేతికిచ్చింది.

సెల్వి అటూ ఇటూ తిప్పి చూసింది. “పిల్లోళ్లను ఇంకా సూడనే లేదు. వాళ్ల జవాబులు యాడినుంచి తెచ్చినావు మే?” అని రబ్బరు చేతిలో పెట్టింది.

వెనక బెంచీలో ఉన్న నాకూ ఆ మాట తగిలింది. తగలనీ అనుకున్నాను, హాయిగా.