నా వెనక నడిచిన సవారీ బండి

మా ముత్తాత కర్నూలు నవాబు దర్బారుకు పల్లకీలో పోయేవాడు. ఆయన కొడుకు, అంటే మా తాత, ఇనాం గ్రామాలను గుర్రం మీద తిరిగి చూసుకున్నాడు. మా నాయన కాలానికి గ్రామాలు పోయి చేలు మిగిలాయి. ఆయన సవారీ బండిలో తిరిగారు. ముగ్గురిలో ఎవరూ వాకిలి దాటి కాలినడకన పోలేదు. వీపు వాల్చకుండా కూర్చోవడం మా ఇంట్లో అక్షరాలకన్నా ముందు నేర్పేవారు. నడక మాత్రం ఎవరూ నేర్పలేదు.

మా నాయన మధుమేహంతో పోయారు. కాలి పుండు మానక చివరికి మంచం పట్టారు. ఆ పుండును రోజూ కడిగింది నా భార్య. అందుకే, యాభై దాటాక నాకూ అదే జబ్బని కర్నూలు డాక్టరు తేల్చినప్పుడు, నాకంటే ఆమే ఎక్కువ భయపడింది.

"అన్నం తగ్గించండి. పొద్దునా సాయంత్రం నడవండి. కాళ్లు దక్కుతాయి," అన్నాడు డాక్టరు. వయసులో నా కొడుకంత ఉంటాడు.

"ఎక్కడికి నడవాలి?"

"ఎక్కడికీ కాదు. ఊరికే."

ఊరికే నడవడం మావైపు ఎంత కష్టమో పాపం ఆయనకేం తెలుసు! మరునాడు తలపాగా చుట్టుకుని, చేతికర్ర పట్టుకుని కోయిలకుంట్ల బాట పట్టాను. వాగు దగ్గర శనక్కాయల బండి ఒకటి ఆగింది. తోలుతున్న రైతు కిందికి దూకాడు.

"ఏమయ్యా, మీరు నడుస్తాండారా? మీ బండికేమాయ?"

"ఏమీ కాలేదు. ఊరికే నడుస్తున్నాను."

"ఊరికేనా! ఎక్కండి సామీ. మా నాయన మీ ఇంట్లో తిని పెరిగినోడు. మిమ్మల్ని బాటన ఇడిసి నేను బండెక్కి పోతే మాయమ్మ నాకు సంగటి ముద్ద కూడా పెట్టదు."

నేను ఎక్కేదాకా అతను కదలలేదు. ఎక్కాను. మరునాడు ఊరూరా చీరలమ్మే సాయబు తన తట్టువ గుర్రం దిగి పగ్గం నా చేతికిచ్చాడు. "ఇది గుర్రమేం కాదయ్యా, గాడిదకు అన్న. అయినా మీరు నడిచేదానికన్నా మేలే," అన్నాడు. ఇలా రోజూ కాళ్లతో పోయి, ఎవరి బండిలోనో తిరిగి వచ్చేవాణ్ణి. వాళ్ల మర్యాదను కాదనే మొరటుతనం నాకు లేదు. ఇంతలో మా బండి అమ్ముకున్నామని ఊళ్లో పుకారు లేచింది. పెరట్లో తిరిగి చూశాను. గానుగెద్దు మాదిరి ఉన్నానని నాకే అనిపించి మానేశాను.

"ఇంక నడవను," అన్నాను నా భార్యతో.

ఆమె చేటలోని జొన్నలు పక్కన పెట్టింది. "మామయ్య కాలు కడిగింది ఈ చేతులే. మళ్లా అదే పని నాతో చేయించేకి చూస్తాండారా?" అంది. తర్వాత బండి తోలే ముసలాయన్ను పిలిపించింది. "రేపట్నుంచి అయ్య ముందర నడుస్తారు. నువ్వు బండి కట్టుకొని ఎనక పో."

"అయ్య ఎక్కకుంటే బండెందుకమ్మా?"

"ఎక్కేకి బండి ఉండాదని నలుగురికీ తెలియాల గదప్పా."

అంతే, బాట నాదయింది. ముందు నేను, వెనక గంటల మోతతో ఖాళీ బండి. ఎక్కమని ఎవరూ అడగలేదు. అడిగేవాళ్లు మా బండివాణ్ణే అడిగేవారు.

"ఏమప్పా, ఎద్దులకు జబ్బు చేసిందా?"

"ఎద్దులు గుండ్రాయి మాదిరి ఉండాయి. అయ్యకు వాటిమింద ప్రేమ శానా."

ఒక రోజు గంపతో సంతకు పోతున్న ముసలమ్మను నేనే ఎక్కించాను. మా నాయన కూర్చున్న పరుపు మీద దర్జాగా కూర్చుని, దారి పొడవునా నాకు నడక చెప్పింది. "మెల్లగా నాయనా. ఎవురు తరుముతాండారు నిన్ను? ఊపిరి తీసుకో." డాక్టరు చెప్పనిది అదొక్కటే. ఆ రోజు నుంచి నాకు ఆయాసం రాలేదు.

ఆ చలికాలంలోనే చెప్పు చీల్చుకుని తుమ్మముల్లు నా పాదంలో దిగింది. చీము పట్టింది. నా భార్య రోజూ వేడినీళ్లతో కడిగేది. ఆమె ముఖం చూడలేక నేను గోడకేసి చూస్తూ కూర్చునేవాణ్ణి. కొన్నాళ్లకు చీము ఆగింది. ఒక పొద్దున పాదాన్ని వెలుతురుకు తిప్పి వేలితో నొక్కి చూసింది. కొత్త చర్మం వచ్చింది.

"మామయ్యకు రాలేదు ఇట్ల," అంది. కొంగుతో కళ్లు తుడుచుకుని, నా చెప్పులు తెచ్చి వాకిట్లో పెట్టింది. "పోండి, పొద్దెక్కుతాంది."

ఆ పొద్దునా, సాయంత్రమూ బండి నా వెనకే వచ్చింది. పై ఏడాది వానలు పడలేదు. మేత దొరకక ఎద్దులను, వాటితోపాటు సవారీ బండిని, బద్వేలు వర్తకుడికి అమ్మేశాము. నడక మాత్రం నాకు మిగిలింది.