ఖాజా భాయ్ పావురాలు, నా ఫోన్ ఉపవాసం

పందెంలో పావురాలు ఓడిపోవడం మామూలే. ఫోన్ ముట్టనని ఒట్టు పెట్టుకున్న జొన్నల వ్యాపారి వాటిని ఓడించడం ఎక్కడైనా విన్నారా? ఆ ఘనత నాది. తిట్టుకోదలిస్తే మొత్తం చదివాక తిట్టుకోండి.

మాది మొఘల్‌పురా. ఉస్మాన్‌గంజ్‌లో జొన్నలు, సజ్జలు టోకున అమ్ముతాను. మాకు రెండిళ్ల అవతల ఖాజా భాయ్ తన డాబా మీద పావురాలు పెంచుతాడు. పందెం రోజు పొద్దున్నే వాటిని ఎగరేస్తారు. ఎవరి గుంపు ఎక్కువసేపు గాల్లో ఉంటే వాళ్లదే గెలుపు. పరాయి డాబా మీద వాలితే మాత్రం ఆట అయిపోయినట్టే. ఆ ఆదివారం పందెమని మా గల్లీలో అందరికీ తెలుసు, ఫోన్‌లోంచి తలెత్తని నాకు తప్ప.

అంతకు ముందురోజు భోజనం దగ్గర నా భార్య సుజాత కావాలనే ఏమీ వడ్డించలేదు. నేను ఫోన్ చూస్తూ ఖాళీ కంచంలోంచి నాలుగు ముద్దలు తిని, పప్పులో ఉప్పు తగ్గిందన్నాను.

"ఒక్కరోజన్న ఆ ఫోన్ ఇడిచిపెట్టి చెట్టునో పిట్టనో చూడుండ్రి," అంది.

నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. "రేపు పొద్దుగూకేదాక ముట్ట. నేనే అడిగినా ఇయ్యకు."

ఆదివారం పొద్దున్నే ఆవిడ నా ఫోన్‌ను బియ్యం డ్రమ్ములో వేసి మూత పెట్టింది. పార్కుకు పోదామంటే దారి చూపడానికీ టికెట్ కొనడానికీ ఫోనే కావాలి. అందుకని ప్రకృతి కోసం మా డాబా ఎక్కాను. అక్కడ రెండు తులసి కుండీలు, ఒక నీళ్ల ట్యాంకు, బోలెడంత ఆకాశం ఉన్నాయి. కింద గల్లీలో మోగే హారన్లు ప్రకృతి కిందికి రావని చెవుల్లో దూది కుక్కుకున్నాను.

మధ్యాహ్నం దాటాక నా నెత్తి మీద ఒక పావురాల గుంపు గుండ్రంగా తిరగసాగింది. నా గుండె కరిగిపోయింది. దుకాణం నుంచి తెచ్చిన జొన్నలు దోసెడు చల్లాను. ముందు ఒకటి వాలింది, వెనకే గుంపంతా దిగింది. వాటి కాళ్లకు ఎర్రవీ నీలివీ కడియాలున్నాయి. ప్రకృతి ఎంత పనితనం గల కంసాలో అని మురిసిపోయాను. నిజం చెబుతున్నా, కళ్లలో నీళ్లు తిరిగాయి.

అటు చూస్తే ఖాజా భాయ్ తన డాబా మీద కర్రకు గుడ్డ కట్టి ఊపుతున్నాడు. నా ఆనందం చూసి ఆనందిస్తున్నాడనుకుని నేనూ చెయ్యి ఊపాను. ఆయన గెంతుతూ ఊపాడు. నేను రెండు చేతులూ ఊపాను.

ఇంతలో సుజాత పైకొచ్చి నా చెవిలో దూది లాగింది. "డ్రమ్ముల ఫోన్ ఆగకుండ మోగుతున్నది. తియ్యనా?"

"ఎవరన్న కానీ, తియ్యకు. మాటంటే మాటే."

"మల్ల నన్ను అనొద్దు," అంటూ ఆవిడ దిగిపోయింది. నేను దూది పెట్టుకుని ఇంకో దోసెడు చల్లాను.

కాసేపటికి ఖాజా భాయ్ రొప్పుతూ మా మెట్లెక్కి వచ్చాడు. పావురాలను చూసి, ట్యాంకు పక్కన కూలబడి తల పట్టుకున్నాడు. నేను దూది తీశాను.

"సేఠ్, ఫోన్ ఎందుకు ఎత్తలే?"

"ఇయ్యాల ఫోన్ బంద్ భాయ్. ప్రకృతిల ఉన్న."

"ఏం ప్రకృతి సేఠ్? గివి నా కబూతర్లు. అందరివి దిగినయ్, నావొక్కటే పైన ఉండె. ఇంక జర సేపు ఎగిరితే పందెం నాదే."

"గివి నీవని నాకెట్ల తెలుస్తది భాయ్?"

"జెండా ఊపిన కద. నువ్వు ఉల్టా నాకే టాటా చెప్తివి."

సిగ్గుతో చచ్చిపోయాను. ఏడాదంతా పిల్లల్లా సాకినవాటిని దోసెడు గింజలతో ఓడగొట్టాను. ఏదో ఒకటి అనాలి కాబట్టి మెల్లగా అడిగాను. "గెలిస్తే ఏమిస్తుండె భాయ్?"

"ఏముంది సేఠ్, కొత్త ఫోన్. నాది పాతదైంది, మాట సక్కగ ఇనవడదు."

సుజాత ఎప్పుడొచ్చిందో తెలియదు. ఫోన్‌కు అంటిన బియ్యప్పొడి కొంగుతో తుడిచి ఆయన చేతిలో పెట్టింది. "గిది తీసుకో భాయ్. మొన్ననే కొన్నడు. ఈయనకు వద్దంట."

నేను నోరు తెరిచాను. "మాటంటే మాటే," అంది.

ఇప్పుడు ఖాజా భాయ్ డాబా మీద కూర్చుని నా ఫోన్‌లోంచి తలెత్తడు. ఆయన పావురాలేమో రోజూ మా డాబా మీదికొచ్చి జొన్నల కోసం నా మొహం చూస్తాయి. వచ్చి తోలుకుపొమ్మని ఆయనకు చెబుదామంటే నా దగ్గర ఫోన్ లేదు. కొత్తది కొనడానికి సుజాత ఇంకా ఒప్పుకోలేదు.

అందుకే ఈ రెండు తులసి కుండీల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట సాక్షాత్తూ ప్రకృతే నా డాబా మీద దిగివచ్చినా సరే, అది ఎవరింటిదో కనుక్కోకుండా ఒక్క గింజ కూడా వెయ్యను.