గేటు దగ్గరి చుక్క

మా వదినకు డాక్టరేటు వచ్చినప్పటి నుంచి ఇంట్లో ఎవరికి ఒళ్ళు వెచ్చబడినా ముందు ఆమె దగ్గరికే వెళ్తాను. "మందేదైనా రాసివ్వు వదినా" అంటాను. ఆమె మూతి ముడుచుకుంటుంది. వదిన అంటే మా మేనత్త కూతురు. మేనత్త పోయాక మా ఇంట్లోనే పెరిగింది, మా నాన్న వేలు పట్టుకునే బడికి వెళ్ళింది. నాన్నకు నాకన్నా ఆమె అంటేనే ముద్దు. ఈ మాట కాస్త అక్కసుతోనే రాస్తున్నాను.

చదువయ్యాక ఉద్యోగం దొరక్క కూర్చున్న వదినకు విశ్వవిద్యాలయం వాళ్ళు ఫెలోషిప్పు ఇచ్చారు. డిజిటల్ హ్యుమానిటీస్ అట. పాత కాగితాలనూ మనుషుల జ్ఞాపకాలనూ కంప్యూటర్లోకి ఎక్కించి అందరికీ అందుబాటులో పెట్టే పని అని నాకు అర్థమైంది. గ్రంథాలయం కింది అంతస్తులో కిటికీ లేని గది ఇచ్చారు. అందులో ఇలాంటి ఫెలోలే ఇంకొందరు. అందరి చెవులకూ హెడ్‌ఫోన్లు, ఎవరి లోకం వాళ్ళది. అన్నం డబ్బా ఇవ్వడానికి వెళ్తే వదిన ఒకే దగ్గును పదే పదే వింటూ కనిపించేది. దగ్గు చాటున పోయిన మాటేమిటో తెలియడం లేదట.

ఆమె ఎంచుకున్నది మా ఊళ్ళో అద్దకం మిల్లు కాలిపోయిన సంగతి. నేను పుట్టకముందు మాట. లోపలివాళ్ళు కొందరు బయటికి రాలేకపోయారు. గేటు తీసే ఉందని, కంగారులో వాళ్ళే దారి తప్పారని విచారణలో తేల్చి చేతులు దులుపుకున్నారు. బతికి బయటపడ్డ పనివాళ్ళను వదిన వెతికి పట్టుకుని మాట్లాడించింది. చివరికి మా నాన్న దగ్గరికి వచ్చింది. నాన్న ఆ మిల్లు గేటు కాపలాదారు.

మా వీధి తలుపుకు తాళం ఉండదు. ఎన్నడూ లేదు. ఊరెళ్ళినా దగ్గరికి వేసి వెళ్ళడమే. ఇదేం పిచ్చని అమ్మ విసుక్కునేది, నేనూ విసుక్కున్నాను. వదిన రికార్డింగ్ విన్నాక ఇంకెప్పుడూ విసుక్కోలేదు.

"గేటుకు తాళం వేసింది నేనే," అన్నాడు నాన్న అందులో. "సరుకు దొంగతనంగా బయటికి పోతోందని మేనేజరుగారు వెయ్యమన్నారు. మంటలు చూసి తీస్తానన్నాను. ఆగమన్నారు. ఆగాను." తర్వాత గొంతు తగ్గించాడు. "నా పేరు మాత్రం వద్దమ్మా. ఆయన కొడుకు ఇప్పుడు ఊళ్ళో పెద్దమనిషి. ఆయన్ని కాదని బాగుపడ్డవాళ్ళు లేరు."

"నీ పేరు ఎక్కడా రాదు మావయ్యా. నాదీ పూచీ," అంది వదిన.

మాట నిలబెట్టుకుంది కూడా. పేరు తీసేసింది, గొంతు మార్చేసింది. నాకు వినిపిస్తే మా నాన్నను నేనే పోల్చుకోలేకపోయాను. ఆ తర్వాత, మంటలు లేచినప్పుడు ఎవరెక్కడ ఉన్నారో చూపించే పటం తయారుచేసింది. మనిషికో చుక్క. చుక్కను నొక్కితే ఆ మనిషి మాట వినిపిస్తుంది. ఫెలోషిప్పు నియమం ప్రకారం ఆ పటం ఎవరైనా చూసేలా, దించుకునేలా ఉండాలి. ఎప్పటికీ చెరిగిపోకుండా ఇతర గ్రంథాలయాల్లోనూ ప్రతులు ఉంచాలి.

"ఎవరెవరు చూస్తారమ్మా ఇది?" అని అడిగాడు నాన్న.

"అందరూ చూస్తారు మావయ్యా. మనం పోయినా ఇది ఉంటుంది," అని మురిసిపోయింది వదిన.

పటం ఆవిష్కరణకు నేనూ వెళ్ళాను. చప్పట్లయ్యాయి, టీలయ్యాయి. అందరూ వెళ్ళిపోతుండగా తెల్ల చొక్కా వేసుకున్న ఒకాయన వదిన దగ్గరికి వచ్చి ఎంతో మర్యాదగా మెచ్చుకున్నాడు.

"చాలా కష్టపడ్డారమ్మా. గేటు గది మీద చుక్క పెట్టారే, ఆయన ఎలా ఉన్నారు?"

"బాగానే ఉన్నారండీ," అంది వదిన సంబరంగా.

"సంతోషం. మా నాన్నగారి దగ్గర పనిచేసిన మనిషి," అని ఆయన సెలవు తీసుకున్నాడు.

వదిన చేతిలో టీ చల్లారిపోయింది. రంగుల షెడ్డులో ఎందరో ఉండేవారు, అక్కడి చుక్క ఎవరిదైనా కావచ్చు. గేటు గదిలో ఉండేది ఒక్కడే. ఇంత చదివిన మనిషికి ఆ మాత్రం తట్టలేదా అని నాకు ఒళ్ళు మండింది. ఆమె మొహం చూశాక, చేతిలోంచి ఆ కప్పు తీసుకుని పక్కన పెట్టాను.

మర్నాడే పరుగెత్తుకెళ్ళి పైవాళ్ళను బతిమాలింది. ఇక్కడి పటంలో చుక్క తీసేశారు. బయటికి వెళ్ళిన ప్రతుల సంగతి తమ చేతుల్లో లేదన్నారు.

ఈ రోజు పొద్దుటి నుంచి మా వీధి మలుపులో ఒక కారు ఆగి ఉంది. అందులోంచి ఎవరూ దిగలేదు. పాలవాడు రెండుసార్లు తిరిగి చూసి వెళ్ళాడు. నాకు భయంగా ఉంది, దాచుకోవడమెందుకు. వదిన బజారుకు వెళ్ళి కొత్త తాళంకప్ప, గొళ్ళెం కొనుక్కొచ్చింది. నాన్న ముందు గదిలో కుర్చీ వేసుకుని, తలుపుకు ఎదురుగా కూర్చున్నాడు.

"బిగించనీ మావయ్యా. నీ కాళ్ళు పట్టుకుంటాను," అంది వదిన.

"ఒకసారి వేశాను కదమ్మా," అన్నాడు నాన్న. "ఇంక వెయ్యను."

వదిన తాళాన్ని ఒళ్ళో పెట్టుకుని ఆయన పక్కన నేల మీద కూర్చుండిపోయింది. కాసేపటికి కారు తలుపులు పడిన చప్పుడైంది. అడుగులు మా గుమ్మం దాకా వచ్చి ఆగాయి.

"తలుపు తీసే ఉంది," అన్నాడు నాన్న. "రండి."