గడప కడిగిన పొద్దు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పొద్దున్నే నిద్ర లేచేవాళ్ళలో సగం మంది మాకు ఏమీ కానివాళ్ళు. ధర్మసాగర్ నుంచి కాజీపేట వెళ్ళే రోడ్డు పక్కన మాకు నాలుగెకరాల పొలం, అందులో ఒక పెంకుటిల్లు, ఇంటికి కొంచెం ఎడంగా రెండు గదులు ఉండేవి. ఎరువుల బస్తాలు పెట్టుకోవడానికి తాతయ్య కట్టించిన గదులవి. డెబ్బైల్లో కాలువ పని మీద వచ్చిన ఉద్యోగులు ఉండడానికి చోటు అడిగితే, ఆయన బస్తాలు తీయించి నవారు మంచాలు వేయించాడు. ఆయన పోయాక గదులు మా బాపమ్మ చేతికి వచ్చాయి. బాపమ్మ అంటే నాన్నకు అమ్మ. అమ్మా నాన్నా పొలం చూసుకునేవారు, వచ్చేపోయేవాళ్ళను ఆమె చూసుకునేది.

బోర్డు లాంటిదేమీ లేదు. బస్సు కండక్టర్లు చెప్పి పంపేవారు. పడుకోవడానికి ఉతికిన దుప్పటి, స్నానానికి కాగులో వేడినీళ్ళు, పొద్దున చాయ్, సర్వపిండి. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు కలిపి గిన్నెకు పలచగా ఒత్తి కాల్చే ఆ సర్వపిండి కోసమే మళ్ళీ వచ్చినవాళ్ళున్నారు. బాపమ్మకు ఒకటే నియమం. ఎన్నాళ్ళుంటారని ఎవరినీ అడగకూడదు. అడిగితే పొమ్మన్నట్టేనని ఆమె లెక్క.

దుప్పట్లు ఉతికి కంచె మీద ఆరేయడం, మంచాలు ఎండలో వేసి నల్లులు దులపడం, కుండల్లో నీళ్ళు నింపడం నా పని. నాకప్పుడు పదకొండేళ్ళు.

ఆ ఏడు ఎండాకాలంలో ఒక గదిలో కాలువ పనుల ఓవర్సీరు నెలల తరబడి ఉంటున్నాడు. రెండో గదిలోకి ఒక ఆమె వచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయి. భర్త హన్మకొండలో ఒక దవాఖానలో ఉన్నాడు, కడుపులో గడ్డకు ఆపరేషన్ చేయాలన్నారు. మగవాళ్ళ వార్డులో రాత్రి ఆడవాళ్ళను ఉండనివ్వరు. మరిది అక్కడ పడుకుంటే, ఈమె పొద్దున బస్సెక్కి వెళ్ళి మాపటికి తిరిగి వచ్చేది. ఎక్కువ మాట్లాడేది కాదు. పెట్టింది సగం తిని, సగం ఆకులో చుట్టుకుని భర్తకు పట్టుకెళ్ళేది. ఆయన తినకూడదని డాక్టర్లు చెప్పినా పట్టుకెళ్ళేది.

ఆమె వచ్చిన ఐదో రోజున ఒక కార్డు వచ్చింది. సికింద్రాబాద్‌లో ఉండే రైల్వే ఆఫీసరు ఒకాయన మర్నాడు మధ్యాహ్నం బండికి భార్యాపిల్లలతో వస్తున్నానని రాశాడు. అంతకు ముందు ఏడు కూడా వచ్చారు వాళ్ళు. ఆయన కూతురిది నా వయసే. ఆ పిల్ల దగ్గర పిల్లల పత్రికలు కట్టలు కట్టలుగా ఉండేవి. పోయినసారి వెళ్ళేటప్పుడు ఒక కథ సగంలో ఉండగా నా చేతిలోంచి తీసుకుని, మళ్ళీ వచ్చినప్పుడు అన్నీ తెస్తానంది. ఏడాదంతా ఆ సగం కథ నా మనసులో తిరుగుతూనే ఉంది. ఇంట్లో అచ్చులో చదవడానికి పంచాంగం తప్ప ఏమీ లేదు.

మరి గది ఎలా అని బాపమ్మను అడిగాను.

"ఆమె పోతే వాళ్ళకిద్దాం. పోకుంటే లేదు. నువ్వయితే అడుగకు," అంది.

నేను అడగలేదు. అంతకంటే పాడు పని చేశాను.

మర్నాడే ఆపరేషన్. ఆమె తెల్లవారకముందే లేచి స్నానం చేసి, తన సంచీ, చెంబు, దుప్పటి అన్నీ మూట కట్టుకుంది. తిరిగి వస్తానని గానీ రానని గానీ చెప్పలేదు. ఇప్పుడు ఆలోచిస్తే, ఆమెకే తెలిసి ఉండదు. బాపమ్మ వంటింట్లోంచి బయటికి రాలేదు. ముఖ్యమైన పని మీద బయలుదేరే వాళ్ళకు భర్త పోయిన మనిషి ఎదురు రాకూడదని, అలాంటి పొద్దుల్లో ఆమె తనంతట తానే లోపల ఉండిపోయేది. ఆకుపొట్లం నా చేతికిచ్చి పంపింది. బయలుదేరిన ఆమె అది తీసుకుని, నా తల నిమిరి, గేటు వైపు నడిచింది.

ఆమె సగం దూరం వెళ్ళిందో లేదో నేను చీపురు అందుకున్నాను. గది ఊడ్చి, బకెట్టెడు నీళ్ళు తెచ్చి గడప మీద కుమ్మరించి కడగడం మొదలుపెట్టాను.

మనిషి ఇల్లు దాటగానే వెనకాల ఊడ్చి కడిగేది ఎప్పుడో మా వైపు అందరికీ తెలుసు. శవం లేచాక. చిన్నదాన్ని, తెలియక చేశానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. తెలుసు. రెండేళ్ళ కిందట తాతయ్యను తీసుకెళ్ళాక మా ఇల్లు అలాగే కడిగారు, నేను పక్కన నిలబడి చూశాను. ఆమె చావు కోరానా, ఆయన చావు కోరానా అంటే, లేదు. ఆమె మళ్ళీ రాకూడదని మాత్రం కోరుకున్నాను. దానికి నాకు తెలిసిన పద్ధతి అదొక్కటే.

గేటు గొళ్ళెం పెట్టడానికి ఆమె వెనక్కి తిరిగింది. చూసింది. మూట జారి కింద పడింది. ఆమె దాన్ని తీసుకోలేదు. పారుతున్న ఆ నీళ్ళను చూస్తూ ఉండిపోయింది. బస్సు హారన్ వినబడుతోంది.

నీళ్ళ చప్పుడుకు బాపమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చింది. ఒక్కసారి నన్ను చూసింది, గేటును చూసింది. ఎదురు రాకూడదన్నది పక్కన పెట్టి నేరుగా ఆమె దగ్గరికి నడిచి వెళ్ళింది.

"ఆగు బిడ్డా. ఎనుకకు రా. జర కూసో, నీళ్ళు తాగి పోదువు."

"అవ్వా... గడప కడుగుతాంది," అంది ఆమె.

"కడుగక ఏం జేస్తది? దవాఖాన నుంచి వచ్చే మనిషిని దుమ్ముల పండవెడ్తమా? గది ఆయన కోసం తయారు చెయ్యుమని నేనే చెప్పిన. నువ్వు బస్సు ఎక్కేదాక ఆగవే అంటే ఆగలే. మా పోరికి అన్నిట్ల తొందర."

ఓవర్సీరు వేపపుల్ల నోట్లో పెట్టుకుని అంతా చూస్తున్నాడు. ఆయనకు అర్థమైందని నాకు తెలిసింది.

"ఏం పెద్దమ్మా, నేనొచ్చి ఆర్నెల్లయింది. నా గది ఒక్కనాడన్న గిట్ల కడిగిచ్చినవా?" అన్నాడు.

"నీ గది కడుగాల్నంటే ధర్మసాగర్ చెరువు తూము ఎత్తాలె. ఆ బీడీ ముక్కలు ముందు ఏరు పో."

ఆమె ముఖంలో కొంచెం రంగు వచ్చింది. బాపమ్మ ఆమెను అరుగు మీద కూర్చోబెట్టి నీళ్ళు తాగించి, మూట విప్పి దుప్పటి తీసుకుని, గదిలో మంచం మీద వేసింది. "ఇది ఈడనే ఉండనియ్యి. ఇద్దరు కలిసొచ్చి తీస్కపోండ్రి," అంది. బస్సు వెళ్ళిపోయింది. ఓవర్సీరు తన మోటారు సైకిల్ మీద ఆమెను కాజీపేట దాకా దింపాడు.

బాపమ్మ నన్ను కొడుతుందనుకున్నాను. నేను సగంలో వదిలిన గడప తనే తుడిచి, పసుపు రాసి, ముగ్గు వేసింది.

మధ్యాహ్నం రిక్షాల్లో ఆఫీసరు కుటుంబం వచ్చింది. గది లేదని బాపమ్మ చెప్పింది. తలుపు తెరిచే ఉంది, లోపల ఎవరూ లేరు. ఖాళీగానే ఉంది కదా అని ఆయన కోపంగా అడిగాడు. "మనిషి దవాఖానకు పోయింది సారూ. వస్తది," అని మాత్రం అంది. చాయ్ తాగి పొమ్మంటే వాళ్ళు దిగలేదు. ఆ పిల్ల ఒళ్ళో పత్రికల కట్ట ఉంది. నన్ను చూసి చెయ్యి ఊపింది. నేను ఊపలేదు.

ఆ సాయంత్రం ఆమె రాలేదు. మర్నాడూ రాలేదు. చోటు అడిగిన ఇద్దరు ముగ్గురిని బాపమ్మ తిప్పి పంపింది. రోజూ కుండలో నీళ్ళు మార్చేది, దుప్పటి దులిపి మళ్ళీ వేసేది. ఆ పని నాకు చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండేది. రోడ్డు మీద బస్సు ఆగినప్పుడల్లా నేను కొట్టంలోకి వెళ్ళి గేదె పక్కన నిలబడేదాన్ని. ఆయన చనిపోతే నేనే చంపినట్టని నాకు గట్టిగా అనిపించేది. ఆ ఎనిమిది రోజులు నాకు సరిగా అన్నం సయించలేదు.

తొమ్మిదో రోజు పొద్దున బస్సులోంచి ఇద్దరు దిగారు. ఆయన చాలా సన్నగా ఉన్నాడు, ఎండలో కూడా శాలువా కప్పుకున్నాడు, ఆమె భుజం పట్టుకుని అడుగులో అడుగు వేస్తున్నాడు. ఆమె గేటులోంచే అరిచింది.

"అవ్వా, ఏది మా చిన్న బిడ్డ?"

నన్ను కొట్టంలోంచి పట్టుకొచ్చి ఆయన ముందు నిలబెట్టింది.

"ఈ పిల్లనే. నేనింక గేటు దాటలే, నీ కోసం గది కడుగుతాంది. ఆ దినం ఆపరేషన్ గది బయట కూసొని అదే యాది చేసుకున్న. ఆడ మన కోసం గది కడిగి పెట్టిండ్రు, మనం పోకుంటే ఎట్ల అనుకున్న."

ఆయన నవ్వి రెండు చేతులూ జోడించాడు, పదకొండేళ్ళ పిల్లకు. ఆమె నా బుగ్గలు పుణికి, "నీ మొగడు నూరేండ్లు సల్లగ బతుకాలె బిడ్డా," అంది.

నేను బాపమ్మ వైపు చూశాను. ఆమె సర్వపిండి గిన్నె మీద మూత పెడుతోంది. తల ఎత్తలేదు.

ఆయన్ను వదిలి రాలేక ఇన్ని రాత్రులూ ఆమె దవాఖాన వరండాలోనే పడుకుందట. ఆ పూట వాళ్ళు తిని, ఆ గదిలో పడుకుని, మర్నాడు వెళ్ళిపోయారు. బస్సు కదలకముందే నేను బాపమ్మ దగ్గరికి పోయి ఏడుస్తూ అంతా చెప్పబోయాను.

"నాకు ఎరుకే," అంది.

పరిగెత్తి బస్సు ఆపి ఆమెకు చెప్పనా అన్నాను.

"చెప్తే ఏమైతది? నీ బరువు దిగుతది, ఆమె మీద పడ్తది. ఆమె మోసింది చాలు. ఇది నువ్వు మొయ్యి."

బాపమ్మ నన్ను శిక్షించిందంటే అదే. ఆమె ఆడింది అబద్ధం. గది ఖాళీగా ఉంచి, వచ్చినవాళ్ళ చేత మాటలు పడి, తొమ్మిది రోజులకు దాన్ని నిజం చేసింది. నా పని అలా దిద్దడానికి వీలు కానిది. ఇప్పటికీ నా వల్ల మేలు జరిగిందని ఎవరైనా అంటే, మాట పూర్తి కాకముందే లేచి ఇంకో గదిలోకి వెళ్ళిపోతాను. నాకు పొగడ్త గిట్టదని పిల్లలు అనుకుంటారు.

మా ఆయన పోయి పది నెలలవుతోంది. ఆయనకు అరవై నాలుగేళ్ళు. పలకరించడానికి వచ్చిన ఒక పెద్దావిడ, నీకు ఎవరి దీవెనా తగల్లేదేమమ్మా అని కన్నీళ్ళు పెట్టుకుంది. అప్పుడు అరుగు ముందు నిలబడ్డ ఆ ఇద్దరూ గుర్తొచ్చారు. వాళ్ళ పేర్లు కూడా నాకు తెలియవు. ఆమె దీవెన ఫలించలేదని నేను ఒక్కసారి కూడా అనుకోలేదు. అది నాకు ఇచ్చింది కాదు. తమ కోసం గది కడిగిపెట్టిన పిల్ల ఒకతె ఉందని ఆమె అనుకుంది, ఆ పిల్లకు ఇచ్చింది.