ముక్కు క్లిప్పు

మేస్త్రి ఊదితే గాజు చెప్పినమాట వినేది. కోతలు కాదండీ! ముప్పై ఏళ్ళుగా ఎన్ని లాబొరేటరీల బుడ్డీలు, గొట్టాలు ఆయన నోటి గాలితో తయారయ్యాయో లెక్కే లేదు. ఈ గొప్పంతా భార్యకి తెలుసు. కానీ ఏనాడూ మొహాన అనలేదు, అంటే నెత్తికెక్కి కూర్చుంటాడని.

అలాంటి మేస్త్రిని కీళ్ళవాతం పట్టుకుంది. ఒంటిని కాపాడాల్సిన శక్తే ఒంటి మీద తిరగబడిందట. ముందు వేళ్ళు వాచాయి, తర్వాత జబ్బు ఊపిరితిత్తులకి పాకింది. "ఊపిరి బలం తగ్గుతూ పోతే ఉన్నట్టుండి ఆసుపత్రిలో పడాల్సొస్తుంది. రోజూ పొద్దున్నే ఇందులో ఊదండి. నూటికి ఎంత ఊపిరి ఉందో అంకె చూపిస్తుంది. అది పది తగ్గినా పరుగెత్తుకు రండి" అని డాక్టరమ్మ గుప్పెట్లో పట్టే యంత్రం ఒకటి ఇచ్చింది. దాని పెట్టెలో చిన్న క్లిప్పు కూడా ఉంది. మేస్త్రి భార్య దాంతో మందుల చీటీలన్నీ బిగించి మేకుకి తగిలించింది.

నాలుగు నెలలు గడిచాయి. రోజూ డెబ్బై ఎనిమిది, లేదంటే డెబ్బై తొమ్మిది. "చూశావా? ఇనప ఊపిరి!" అని మీసం మెలేసేవాడు మేస్త్రి. ఆవిడ నోటుబుక్కులో రాసుకునేది. మరి ఇంటి మెట్ల సంగతో? ఏడో మెట్టు మీద చెప్పు సవరించుకుంటున్నట్టు ఆగేవాడు. రోజూ ఆ మెట్టు దగ్గరే చెప్పు వదులవుతుందా? వారం తిరిగేసరికి ఐదో మెట్టుకే ఆగాడు. "అంకె బాగానే ఉందిగా!" అని మొత్తుకుంటున్నా వినకుండా ఆవిడ ఆసుపత్రికి లాక్కుపోయింది.

పరీక్ష గదిలో నర్సమ్మ మేస్త్రి ముక్కుకి క్లిప్పు పెట్టింది. అయ్యో రామా, ఇంట్లో చీటీలకి పెట్టింది ఇలాంటి క్లిప్పే! అంకె యాభై రెండు. మళ్ళీ ఊదిస్తే యాభై ఒకటి.

"ఇంట్లో ఎలా ఊదుతున్నారు?" అంది డాక్టరమ్మ.

క్లిప్పు తీసి ఊది చూపించాడు. బుగ్గలు బూరల్లా ఉబ్బాయి. వాటిలో దాచిన గాలి నోటితో వదులుతూనే ముక్కుతో కొత్త గాలి లాగాడు. మెత్తబడ్డ గాజు ముందు ఊపిరి తెగితే బుడ్డీ పాడైపోతుంది మరి. మోసం చెయ్యాలని కాదు, ఆ నోటికి ఇంకోలా ఊదడం చేతకాదు. అంకె డెబ్బై ఎనిమిది!

నర్సమ్మ నోరెళ్ళబెట్టింది. డాక్టరమ్మ కళ్ళజోడు తీసింది. "సగం ఊపిరితో పనిలోకి వెళ్తున్నారా? ఇంకో నెల ఆగుంటే స్ట్రెచర్ మీద తెచ్చేవాళ్ళు. మందు ఇవాళే మారుస్తాను. గాజు ఊదడం మాత్రం ఇక మానెయ్యాలి" అంది.

మర్నాడు పొద్దున్నే ఆవిడ చీటీల కట్ట విప్పి క్లిప్పు తెచ్చింది. అది పెట్టుకుని ఊదాడు. యాభై ఒకటి. యంత్రాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"ఇంతేనా నా ఊపిరి?" అన్నాడు.

ఆవిడ కళ్ళు కిటికీ వైపు వెళ్ళాయి. పోయిన వారం ఆయన ఊదిన బుడ్డీ అక్కడుంది. ఉల్లిపొరంత పల్చన, ఎక్కడా చిన్న వంకర లేదు. ముప్పై ఏళ్ళు బిగబట్టుకున్న మాట ఇక ఆగలేదు.

"ఇంత ఊపిరితోనా అండీ, మీరు దాన్ని ఊదింది!"