మీసానికి ఎసరు పెట్టిన ఎం.ఎడ్.

ఆ రోజుల్లో పర్చూరు వైపు మా ఊళ్లో మగవాడు మీసం తీశాడంటే, ఆ ఇంట్లో తండ్రి పోయాడనే అర్థం. నా మీసమైతే పైపెదవిని పూర్తిగా కప్పేసి, కాఫీ తాగినప్పుడల్లా తన వాటా తాను తీసుకునేది. (ఎప్పుడు కత్తిరించానో డైరీలో రాసుకునేవాణ్ని. నవ్వకండి.) ఆ మీసంతోనే గుంటూరు వెళ్లి ప్రత్యేక విద్యలో ఎం.ఎడ్.లో చేరాను. వినపడని పిల్లలకు పాఠం చెప్పడం అందులో ముఖ్యమైన భాగం.

నాకు అప్పగించిన ఏడేళ్ల పాపను అందరూ చిట్టి అనేవారు. బల్ల మీద పూల బొమ్మ, పాలగ్లాసు బొమ్మ పెట్టి "పూలు" అన్నాను. పాలగ్లాసు చూపించింది. గొంతు పెంచి మళ్లీ అన్నాను. (వినపడని పిల్ల దగ్గర గొంతు పెంచమని ఏ పుస్తకంలోనూ లేదు.) చిట్టి విసుగెత్తి లేచొచ్చి, రెండు వేళ్లతో నా మీసం పైకెత్తి లోపలికి తొంగిచూసింది. వెనక కూర్చుని నా పాఠం గమనిస్తున్న మేడం గారు నవ్వాపుకుని, "ఆ పిల్ల మీ మాట వినదండీ, పెదాలు చూస్తుంది. మీరేమో వాటికి తడిక కట్టారు. పరీక్ష రోజున కూడా ఇంతే అయితే ప్రాక్టికల్ పోయినట్టే" అన్నారు.

పరీక్ష రోజు పొద్దున్నే మంగలి షాపుకు వెళ్లి తడిక తీయించేశాను. చిట్టి నా బోసిపెదవిని తడిమి చూసి, కిలకిలా నవ్వి, పూలంటే పూలే తీసింది. పైగా నోరు గుండ్రంగా చుట్టి తనూ పలికింది. మిగతావాళ్లకు అది ఉత్త 'ఊ' అని వినపడి ఉంటుంది. నాకు మాత్రం పూలే.

పాసయ్యానన్న సంబరంలో ఆ సాయంత్రమే ఊళ్లో బస్సు దిగాను. నాన్న మిరపకాయల లోడుతో యార్డుకు వెళ్లి రెండు రోజులైంది. అమ్మ చేలో ఉంది. కల్లం దగ్గర చిన్నాన్న నన్ను చూసి బస్తా కింద పడేశాడు.

"ఎప్పుడు జరిగిందిరా? యార్డులోనేనా?"

"అది కాదు చిన్నాన్నా, ఎం.ఎడ్. కోసం..."

"ఇలాంటప్పుడు చదువు సంగతి దేనికిలేరా" అని నన్ను పట్టుకుని భోరుమన్నాడు.

మేం ఇల్లు చేరేసరికి అరుగు జనంతో నిండిపోయింది. అంతలో లారీ ఆగి నాన్న దిగాడు.

"ఏరా, ఎవరు పోయారు?"

చిన్నాన్న కళ్లు తుడుచుకుని, "నువ్వే అన్నయ్యా" అన్నాడు.

నాన్న నా మొహం చూశాడు. "నేనుండగానే మీసం తీశావేంట్రా" అన్నాడు మెల్లగా. అరవకపోవడం చూసి ఇంకా భయమేసింది. చిట్టి సంగతంతా చెప్పాను.

"ఇంతకీ ఆ పిల్ల పలికిందా?"

"పలికింది నాన్నా."

"అయితే సరేలే. నువ్వు లోపలికి పో, వచ్చేవాళ్లకు నేను చెబుతా." చీకటిపడే దాకా అరుగు మీద కూర్చుని, వచ్చినవాళ్లందరికీ తాను బతికే ఉన్నానని ఓపిగ్గా చెప్పుకున్నాడు.

తర్వాత నా ఉద్యోగమంతా అలాంటి పిల్లల మధ్యే గడిచింది, మీసం మళ్లీ పెంచలేదు. చాలా ఏళ్లకు నాన్న నిజంగానే వెళ్లిపోయాడు. మంగలి గుండు గీసి, కత్తి పైపెదవి దగ్గర ఆపి, "ఇక్కడ తీయడానికేం లేదు మాస్టారూ" అన్నాడు. "అది ముందే అయిపోయిందిలే" అన్నాను. అంత ఏడుపులోనూ నవ్వొచ్చింది. దాచుకుందామంటే మీసం లేదు.